వీరుని రాకను తెలిపే నాదం

విశాఖపట్నంలో సముద్రపు ఒడ్డున సాయంకాలం కూర్చున్నవారికి అప్పుడప్పుడు రేవు వైపునుండి ఓడ కూత వినబడుతుంది. చిన్న పడవ కూత కీచుమంటుంది. ఓడలను లాగే టగ్గు కూత అంతకంటె కొంత బొంగురుగా ఉంటుంది. వేలాది టన్నుల సరుకు నింపుకొని విదేశానికి బయలుదేరే పెద్ద ఓడ కూసిందంటే ఆ ధ్వని డాల్ఫిన్స్ నోస్ కొండను చుట్టుకొని వచ్చి, చెవికంటె ముందు గుండెకు తగిలినట్లు తోస్తుంది. కళ్ళు మూసుకొన్నవారు కూడా ఏది పెద్ద ఓడయో, ఏది చిన్నదో ఇంచుమించుగా చెప్పగలరు.

ఈ తేడా యాదృచ్ఛికంగా వచ్చినది కాదు. సముద్రం మీద ఓడలు ఢీకొనకుండా 1972లో ఏర్పరచిన అంతర్జాతీయ నియమాలలో ఏ ఓడ ఏ స్థాయిలో కూయవలెనో వ్రాసి ఉన్నది. 200 మీటర్లు గాని అంతకు మించి గాని పొడవున్న ఓడ కూత 70 నుండి 200 హెర్ట్జ్‌ల లోపల ఉండవలెను. 75 మీటర్లనుండి 200 మీటర్ల లోపు ఓడకు 130 నుండి 350 వరకు, ఇంకా చిన్నదానికి 250 నుండి 700 వరకు హద్దులు పెట్టారు. ఒక సెకనులో జరిగే కంపనాల సంఖ్యను పౌనఃపున్యమని అంటారు. సెకనుకు ఒక కంపనం జరిగితే అది ఒక హెర్ట్జ్. పొగమంచులో ఎదుటి ఓడ కంటికి కనబడకపోయినా, దాని పరిమాణాన్ని చెవి అంచనా వేయగలుగుతుంది.

చలనచిత్రాలకు సంగీతం కూర్చేవారికి ఈ నియమంతో పని లేదు. అయినా వారు చేసే పని ఈ జాతిదే. కథానాయకుడు ఇంకా తెరమీదికి రాలేదు. తలుపు మాత్రమే కనబడుతున్నది, లేదా దుమ్ము లేచిన దారి కనబడుతున్నది. ఇంతలో వాద్యబృందం నాలుగు స్వరాలు పలికిస్తుంది. వచ్చేవాడు సామాన్యుడు కాడని వెనుక బల్లమీద కూర్చున్న కుర్రవానికి కూడా తెలిసిపోతుంది. మాట లేదు, బొమ్మ లేదు, ఉన్నది గాలిలో కదలిక మాత్రమే. ఆ కదలికలో వీరత్వం ఎక్కడ దాగి ఉన్నది?

బిగ్గరగా వాయించడమే దీని రహస్యమని చాలామంది అనుకొంటారు. ఇది నిలువదు. రేడియో పీట త్రిప్పి చప్పుడు బాగా తగ్గించినా వీరసంగీతం వీరసంగీతంగానే వినబడుతుంది. లాలిపాటను లౌడుస్పీకరులో ఎంత గట్టిగా వినిపించినా అది యుద్ధగీతం కాదు. మరి కొందరు ఇది కేవలం అలవాటని, చిన్ననాటినుండి సినిమాలు చూడగా చూడగా ఏర్పడినదని చెప్పుతారు. ఇందులో కొంత నిజం ఉన్నది. ఎంత నిజమో తేల్చుకోవలెనంటే ముందుగా ధ్వనిశాస్త్రాన్ని అడగవలసి ఉంటుంది.

ఒక వీరుడు, రెండు చిత్రాలు

పరిశీలనకు కావలసిన ఉదాహరణ విశాఖకు దగ్గరలోనే దొరుకుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడితో మొదలుపెట్టి, విశాఖ, గోదావరి మన్యాలలో ఇంచుమించు రెండేండ్లు ఆంగ్ల ప్రభుత్వాన్ని ఎదిరించి, 1924 మే 7న తుపాకి గుండ్లకు బలియైన అల్లూరి సీతారామరాజు కథ అది. ఆయన పేర 1974 మే 1న విడుదలైన చిత్రాన్ని చాలా భాగం ఆ చింతపల్లి ప్రాంతంలోనే తీశారు. కృష్ణ కథానాయకుడు, సంగీతం పి. ఆదినారాయణరావు కూర్చారు. అందులో జనాన్ని లేవదీసే పాటను వ్రాసిన శ్రీశ్రీ విశాఖపట్నంలో పుట్టినవాడు. ఆ పాటకు ఆయనకు గేయరచనలో జాతీయ బహుమతి వచ్చింది. ముఖ్యంగా పాడినది ఘంటసాల. చిత్రం విడుదలకు రెండు నెలలకు పైగా ముందే, ఫిబ్రవరి 11న, ఆయన కన్నుమూశారు.

2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. చిత్రంలో సీతారామరాజు పేరుగల పాత్ర మళ్ళీ తెరకెక్కింది. ఆ కథ పూర్తిగా కల్పితం. చరిత్రలోని రాజుకు, ఆ చిత్రంలో పోలీసు ఉద్యోగంలో ఉన్న రాజుకు పోలిక వెదకరాదు. సంగీతం ఎం. ఎం. కీరవాణి కూర్చారు. అందులో రాముడు విల్లంబులు పట్టి ఎదురు నిలిచే ఘట్టంలో సంస్కృత పదాలతో బృందగానం, దానికి తోడు చర్మవాద్యాల ఘోష వినబడతాయి.

మొదటి చిత్రంలోని పాటను ప్రధానంగా మానవ కంఠం మోస్తుంది. రెండవదానిలోని ఘట్టంలో గుంపు గొంతులు, పెద్ద వాద్యబృందం కలిసి వీరుని నిలబెట్టుతాయి. నలభై ఎనిమిది సంవత్సరాల దూరం, వేరువేరు సాధనాలు. అయినా రెండింటినీ విన్నవారికి కలిగే భావం ఒక్క కుదురునుండి వచ్చినదే. ఆ కుదురు ఏమిటో తెలియాలంటే కొమ్ములు, బూరలు, కంఠాలు పలికే తీరును కొంచెం వివరంగా చూడవలెను.

బ్యూగిల్‌లో లేని స్వరాలు

విశాఖ తూర్పు నౌకాదళానికి ప్రధాన స్థానం. నౌకాదళ కవాతులలో బ్యూగిల్ వినని విద్యార్థి ఆ నగరంలో అరుదు. ఈ వాద్యానికి వేలితో నొక్కే మీటలు లేవు, మూసి తెరిచే రంధ్రాలు లేవు. ఉన్నది చుట్టిన ఇత్తడి లేక రాగి గొట్టం, చివర వెడల్పయిన నోరు, అంతే. వాయించేవాడు పెదవులను బిగించి, సడలించి స్వరాలు మార్చుతాడు. ఏ స్వరం కావాలంటే ఆ స్వరం పలుకదు. గొట్టంలోని గాలి కొన్ని పౌనఃపున్యాల వద్ద మాత్రమే పెదవుల కంపనానికి తోడు పలుకుతుంది. ఈ తోడు పలకడాన్నే అనునాదమని అంటారు. బ్యూగిల్‌లో వాడుకలో ఉన్న స్వరాల పౌనఃపున్యాలు 2, 3, 4, 5, 6 అనే నిష్పత్తిలో ఉంటాయి.

ఈ అంకెలను సంగీతభాషలో చదివితే విషయం స్పష్టమవుతుంది. 2ను షడ్జమనుకొంటే 3 పంచమం, 4 తారషడ్జం, 5 దానిపై అంతర గాంధారం, 6 తారపంచమం. అంతటితో సరి. రిషభం లేదు, మధ్యమం లేదు, ధైవత నిషాదాలు లేవు. ఇన్ని లోపాలున్న వాద్యంతోనే శతాబ్దాలుగా యూరపు సైన్యాలు నిద్ర లేచినవి, దాడికి కదిలినవి, చనిపోయినవారికి వీడ్కోలు చెప్పినవి. మీటలు లేనంత కాలం బాకాకూ ఇదే గతి. అందుచేత షడ్జంనుండి పంచమానికి, పంచమంనుండి తారషడ్జానికి ఎగబ్రాకే ఆ మెట్టు యుద్ధభూమి గుర్తుగా పాశ్చాత్యుల చెవిలో నాటుకొన్నది. తరువాత మీటలున్న బాకాలు వచ్చినా, అన్ని స్వరాలూ అందుబాటులోనికి వచ్చినా, వీరుని పిలువవలసి వచ్చినప్పుడు స్వరకర్తలు ఆ పాత మెట్టునే ఎక్కుతున్నారు.

రిచర్డ్ స్ట్రాస్ 1896లో రచించిన ఒక సంగీతకృతి ప్రారంభంలో బాకాలు స, ప, స అని మూడే స్వరాలను నింపాదిగా పలుకుతాయి. 1968లో స్టాన్లీ క్యూబ్రిక్ తీసిన అంతరిక్ష చిత్రం ద్వారా అది ప్రపంచమంతా తెలిసింది. 1977లో వచ్చిన స్టార్ వార్స్ చిత్రానికి జాన్ విలియమ్స్ కూర్చిన ప్రధాన రాగంలోను మొదటి పెద్ద అడుగు షడ్జంనుండి పంచమానికే. ఆ పైన అది తారషడ్జాన్ని అందుకొంటుంది.

తెలుగువానికి ఈ మెట్టు పరాయిది కాదు. తంబురా నాలుగు తంతులు సాధారణంగా పంచమానికి, షడ్జానికే శ్రుతి చేయబడతాయి. కచేరీ పొడుగునా గాయకుని వెనుక మ్రోగే ఆ నాదంలో బ్యూగిల్ నిష్పత్తులే ఉన్నవి. అయితే తంబురాలో అవి కదలక నిలిచి ఉంటాయి కనుక ప్రశాంతిని కలిగిస్తాయి. బ్యూగిల్‌లో వాటినే ఒక్కొక్కటిగా దూకవలసి ఉంటుంది. దూకుట అనగానే దేహశక్తి స్ఫురిస్తుంది. స్వరాలు అవే, వాటిని నడిచే తీరు వేరు. సంగీతాన్ని అంకెలతోనే వివరించబూనిన వారు తరచుగా మరచిపోయేది ఈ సంగతినే.

బలం వినబడే తీరు

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం. చప్పుడు తగ్గించినా వీరసంగీతం చప్పబడదని పైన చెప్పబడినది. దీనికి కారణం ఏమిటి?

ఏ వాద్యమైనా ఒకే పౌనఃపున్యాన్ని పలుకదు. మూలస్వరంతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు గల సన్నని స్వరాలు కూడా బయలుదేరుతాయి. వీటికి అనుస్వరాలని పేరు. ఏ అనుస్వరం ఎంత పాలు ఉన్నదనే దానినిబట్టి పిడేలుకు, పిల్లనగ్రోవికి తేడా తెలుస్తుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, స్వరకర్త అయిన జాన్ క్లోద్ రిస్సే 1960 దశకంలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కంప్యూటరు సాయంతో బాకా ధ్వనిని విశ్లేషించి ఒక సంగతి చూపాడు. మెల్లగా ఊదినప్పుడు బాకాలో పై అనుస్వరాలు స్వల్పంగా ఉంటాయి. గట్టిగా ఊదేకొద్దీ మొత్తం ధ్వని పెరగడమే కాక, అందులో పై అనుస్వరాల పాలు మరింత వేగంగా పెరుగుతుంది. అందుకే మెల్లని బాకా గుండ్రంగా, మెత్తగా ఉండి, గట్టి బాకా కత్తి అంచువలె మెరుస్తుంది.

గట్టిగా ఊదిన బాకాను రికార్డు చేసి, చప్పుడు తగ్గించి వినిపించారనుకొందాము. ధ్వని చిన్నదవుతుంది గాని, అనుస్వరాల పాలు మారదు. కనుక చెవి మోసపోదు. ‘ఇది దూరంగా ఉన్నది, కాని బలంగా ఊదబడుతున్నది’ అని తెలుసుకొంటుంది. చెవి కొలిచేది చప్పుడును మాత్రమే కాదు, దాని వెనుక ఉన్న ప్రయత్నాన్ని కూడా.

గట్టిగా ఊదితే పై అనుస్వరాలు ఎందుకు పుట్టుతాయి? విశాఖ కెరటాలను చూచినవారికి దీనిని తెలపడం సులభం. సముద్రంలో గుండ్రంగా వచ్చే అల ఒడ్డు చేరేసరికి దాని శిఖరం పాదాన్ని మించి ముందుకు పోతుంది. ముందుభాగం గోడవలె నిటారై, విరిగిపడుతుంది. అలకు అట్లు జరగడానికి నీటి లోతు తగ్గడం కారణం. ఇత్తడి గొట్టంలో కారణం వేరైనా ఫలితం అటువంటిదే. గట్టిగా ఊదినప్పుడు ధ్వనితరంగంలో గాలి బాగా ఒత్తుకొన్న భాగం కొంచెం వేడెక్కి, ముందుకు సాగే గాలితో కలిసి, పలుచబడిన భాగంకంటె కాస్త వేగంగా ప్రయాణం చేస్తుంది. ట్రాంబోన్ వంటి పొడవైన వాద్యంలో గొట్టం చివరకు చేరేసరికి తరంగపు ముఖం నిటారవుతుంది. ఇట్టి నిటారు తరంగంలో పై అనుస్వరాలు సమృద్ధిగా ఉంటాయి. బాగా గట్టిగా ఊదిన ట్రాంబోన్‌లో ఇది ఆఘాత తరంగమనే స్థితికి, అనగా పేలుడు వేళ పుట్టే తరంగం వంటి స్థితికి, చేరుకొంటుందని 1996లో హిర్ష్‌బర్గ్, ఆయన సహచరులు ప్రయోగాలతో నిరూపించారు.

కంఠానికి గొట్టం పొడవు చాలదు గనుక ఈ మార్గం లేదు. కాని దానికి మరొక మార్గం ఉన్నది. మెల్లగా మాట్లాడునప్పుడు గొంతులోని స్వరతంత్రులు మెత్తగా కలుసుకొంటాయి. పై స్థాయిలో గొంతెత్తి పిలిచినప్పుడు అవి చటుక్కున మూసుకొంటాయి. గాలి ప్రవాహం అట్లు ఠక్కున తెగినందువల్ల పై అనుస్వరాలు పెరుగుతాయి. పొలంగట్టున నిలిచి అవతలివానిని కేకవేసే రైతు కంఠంలోను, నాటకరంగంమీద పద్యం ఎత్తుకొన్న నటుని కంఠంలోను జరిగేది ఇదే. మైకులు లేని రోజులలో ఆఖరు వరుసవరకు పద్యం వినిపించవలసిన నటులకు ఇది జీవనాధారం. 1974 చిత్రంలో ఘంటసాల పాడినది ఆ పద్యపు సంప్రదాయంలో పెరిగిన కంఠంతో. గట్టిగా ఊదిన బాకాలోను, గొంతెత్తి పాడిన పాటలోను చెవికి అందే సమాచారం ఒక్కటే. ఎవరో తమ శక్తినంతా వినియోగిస్తున్నారు, వెనుకాడడం లేదు. పైన చెప్పిన కుదురు ఇదియే.

పెద్ద దేహం, పెద్ద గుంపు

ఓడ కూతకు మళ్ళీ వద్దాము. పెద్ద వస్తువు మెల్లగా కంపిస్తుంది. చిన్నది త్వరగా కంపిస్తుంది. జంతువులలోను సామాన్యంగా ఇంతే. అమెరికా భాషాశాస్త్రజ్ఞుడు జాన్ ఒహాలా 1984లో ప్రకటించిన ఒక వ్యాసంలో, మంద్రమైన ధ్వని పెద్ద దేహాన్ని, ఆధిక్యాన్ని సూచిస్తుందనీ, సన్నని ధ్వని చిన్నతనాన్ని, లొంగుబాటును సూచిస్తుందనీ, జంతువులు బెదిరించునప్పుడు గొంతు తగ్గించేది ఇందుకేననీ వాదించాడు. 1957 నాటి మాయాబజార్‌లో ఘటోత్కచునికి మాధవపెద్ది సత్యం గంభీర కంఠాన్ని ఎన్నుకొన్నవారికి ఈ సిద్ధాంతం తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. భారతంలోనే పాండవులకు ఒక్కొక్కరికి ఒక్కొక్క శంఖం ఉన్నది. ధర్మరాజుది అనంతవిజయం, అర్జునునిది దేవదత్తం. భీమునిది పౌండ్రం, దానిని మాత్రం మహాశంఖమని వర్ణించారు. శంఖం కూడా బాకావలె పెదవులతో పలికేదే గనుక, పెద్ద శంఖానికి నాదం మంద్రంగా ఉండి తీరవలెను.

మంద్రధ్వనికి ఇంకొక గుణం కలదు. విశాఖ ఎండలో గాలిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. 70 హెర్ట్జ్‌ల కూత తరంగదైర్ఘ్యం 5 మీటర్లు. 700 హెర్ట్జ్‌లది అర మీటరు. పొడవైన తరంగాలు అడ్డంకులను సులభంగా చుట్టుకొని పోతాయి. అందుచేత మంద్రనాదం ఎటునుండి వచ్చుచున్నదో తెలియకుండ అంతటా వ్యాపిస్తుంది. సన్ననినాదం ఒక దిక్కునుండి వస్తుంది. వాద్యబృందంలో ట్యూబాలు, పెద్ద డోళ్ళు చేసే పని మొదటిది, బాకాలు చేసే పని రెండవది. నేల కదలినట్లుండి, ముందు ఒక మనిషి నిలిచినట్లుండుట ఈ రెండూ కలిసినందువల్లనే.

బృందగానం సంగతిలో విద్యార్థులను ఆశ్చర్యపరచే లెక్క ఒకటి ఉన్నది. పదిమంది కలిసి పాడితే ధ్వనిశక్తి పదింతలవుతుంది. డెసిబెల్ లెక్కలో ఇది 10 డెసిబెల్‌ల పెరుగుదల. కాని చెవికి అది సుమారు రెండింతలుగా మాత్రమే తోస్తుంది. నూరుమంది పాడినా నాలుగింతలే! గట్టితనం కోసమే అయితే గుంపును పిలుచుట దండుగ. లాభం మరొకచోట ఉన్నది. ఏ ఇద్దరి గొంతులూ అణువంత తేడా లేకుండ కలియవు. ఆ స్వల్పభేదాలవల్ల నాదం నిరంతరం అల్లాడుతూ, వెడల్పుగా వినబడుతుంది. ఒకే గొంతును యంత్రంతో ఎంత పెంచినా ఈ వెడల్పు రాదు. వీరుని వెంట జనం ఉన్నారని చెవి గ్రహించేది దీనినిబట్టి.

లయను గురించి ఎక్కువ చెప్పవలసిన పని లేదు. కవాతు నడక నిమిషానికి సుమారు 120 అడుగులు. చాలా వీరగీతాలు ఈ వేగానికి దగ్గరలో నడుస్తాయి. కదలక కూర్చుని లయను విన్నప్పుడు కూడా మెదడులో శరీరపు కదలికలను నడిపే భాగాలు చురుకవుతాయని ఈ శతాబ్దంలో జరిగిన మెదడు చిత్రణ పరిశోధనలు తెలిపినవి. సినిమాహాలులో కాళ్ళు వాటంతటవే ఆడటానికి కారణం వెదకనక్కరలేదు.

అదే ఇత్తడి, వేరే మనిషి

ఇంతవరకు వచ్చిన తరువాత ఒక చిక్కు ఎదురవుతుంది. 1980లో వచ్చిన స్టార్ వార్స్ రెండవ చిత్రంలో దుర్మార్గులకు కూడా జాన్ విలియమ్స్ ఇత్తడి వాద్యాలతోనే గొప్ప కవాతు కూర్చాడు. అందులోను మంద్రం ఉన్నది, బలం ఉన్నది, నడక ఉన్నది. కాబట్టి పైన చెప్పిన లక్షణాలు శక్తిని తెలుపుతాయే గాని మంచిని తెలుపవు. రాక్షసుడు కూడా బలవంతుడే గదా!

తేడా గాంధారంలో ఉన్నది. బ్యూగిల్ స్వరాలలో దొరికేది అంతర గాంధారం. షడ్జానికి దానికి నిష్పత్తి 4కు 5. దుర్మార్గుల కవాతులో వినబడేది సాధారణ గాంధారం. దాని నిష్పత్తి 5కు 6. షడ్జపు అనుస్వరాల నిచ్చెనలో తొలి మెట్లలో ఇది దొరకదు. పాశ్చాత్య సంగీతంలో మొదటిది వెలుగును, రెండవది చీకటిని సూచించే వాడుక ఏర్పడింది. పైన చెప్పిన స్ట్రాస్ కృతిలో బాకాలు స, ప, స అని పలికిన వెంటనే వాద్యబృందమంతా అంతర గాంధారాన్ని అందుకొని, తృటిలో సాధారణ గాంధారానికి జారుతుంది. సూర్యుడు ఉదయించి మబ్బుచాటు అయినట్లుంటుంది.

ఇంకొక మార్గం కూడా ఉన్నది. విశాఖ ఉక్కు కర్మాగారంలో తయారయ్యే కడ్డీ ముక్కను దారంతో వ్రేలాడగట్టి సుత్తితో కొట్టి చూడవలెను. ఖంగుమనే ఆ ధ్వనిలో ఏది మూలస్వరమో చెప్పడం కష్టం. తంతిలోను, గొట్టంలోను అనుస్వరాలు 1, 2, 3 అని సరియైన గుణిజాలుగా ఉంటే, కడ్డీలో అవి 1, 2.76, 5.40 అనే నిష్పత్తిలో వస్తాయి. షడ్జ పంచమాలవలె ఇవి ఒకదానిలో ఒకటి ఒదగవు. వాగ్నర్ తన సంగీతనాటకం ‘దాస్ రైన్‌గోల్డ్’లో, 1869లో మొదట ప్రదర్శించినది, నేలక్రింద బానిసలై పనిచేసే మరుగుజ్జుల లోకాన్ని చూపడానికి 18 దాగలులను మ్రోగించాడు. మనిషిని మించిన యంత్రాన్ని, దయలేని శక్తిని చూపవలసినచోట నేటి చిత్రాలలోను ఇనుప మ్రోతలు వినబడుతున్నాయి.

పాత్రకొక రాగఖండాన్ని ఏర్పరచి, పాత్ర వచ్చినప్పుడెల్ల దానిని వినిపించే పద్ధతిని పరాకాష్ఠకు తెచ్చినవాడు కూడా వాగ్నరే. తరువాత చలనచిత్రాలు దానిని అందిపుచ్చుకొన్నవి. స్థాయి మార్చినా, వాద్యం మార్చినా, వేగం మార్చినా మనం రాగాన్ని గుర్తుపట్టగలుగుతాము. స్వరాల పౌనఃపున్యాలన్నీ మారినా వాటి మధ్య నిష్పత్తులు నిలిచి ఉండటమే దీనికి కారణం. ఈ సంగతిని 1890లో క్రిస్టియన్ ఫన్ ఎరెన్‌ఫెల్స్ అనే ఆస్ట్రియా తత్త్వవేత్త ఎత్తిచూపాడు. చిత్రంలో ఇది ఎంతో ఉపకరిస్తుంది. వీరుడు బాలుడుగా ఉన్నప్పుడు వేణువుమీద నెమ్మదిగా, ఓడిపోయినప్పుడు ఒంటరి పిడేలుమీద, తిరిగి లేచినప్పుడు సమస్త వాద్యాలతో వినిపించేది ఆ రాగమే కావచ్చును. మనిషి మారకుండా అతని దశ మారినదని మాట లేకుండానే తెలుస్తుంది.

ప్రకృతి ఎంత, వాడుక ఎంత

సాధారణ గాంధారం చీకటికి గుర్తు అనే మాటను తెలుగు విద్యార్థి అట్లే నమ్మరాదు. ఖరహరప్రియ రాగంలో సాధారణ గాంధారమే ఉన్నది. దానిని విని దుర్మార్గుడు వస్తున్నాడని ఎవరూ జడుసుకోరు. నాట రాగంలో అంతర గాంధారంతో పాటు, సాధారణ గాంధారపు స్థానంలోనే ఉండే షట్‌శ్రుతి రిషభం కూడా వినబడుతుంది; అయినా కచేరీ ప్రారంభంలో దానికున్న ఠీవి అందరికి తెలిసినదే. వీరరసానికి పేరొందిన అఠాణాలో గమకాలకు, సంచారానికే ప్రాధాన్యం. నిష్పత్తిలో రసం పుట్టి కూర్చోలేదు.

దేశదేశాలలో జరిగిన పరిశోధనలు కూడా జాగ్రత్త వహించమనే చెప్పుతున్నాయి. పాశ్చాత్య సంగీతం ఎరుగని ఆఫ్రికాలోని మఫా ప్రజలు అందులోని సంతోషాన్ని, విచారాన్ని, భయాన్ని కొంతవరకు పోల్చుకొనగలిగినట్లు 2009లో వెల్లడయింది. కాని దక్షిణ అమెరికాలో బొలీవియా అడవులలోని త్సిమానె ప్రజలకు, మనకు కలిసినట్లు తోచే స్వరసంయోగాలు, కలియనట్లు తోచేవి సమానంగానే ఇంపుగా ఉన్నవని 2016లో తేలింది. బలాన్ని, పరిమాణాన్ని, వేగాన్ని గుర్తించడంలో ప్రకృతి పాలు హెచ్చు. ఏ స్వరం మంచివాడిది, ఏది చెడ్డవాడిది అనే చోట వాడుక పాలు హెచ్చు. ఈ రెండింటినీ కలిపివేసి సంగీతం సర్వజనులకు ఒకే భాష అనడం వినసొంపైన మాటే గాని, పరీక్షకు నిలిచే మాట కాదు.

దీనినిబట్టి మరొకటి కూడా గ్రహించవచ్చును. మన్యం వీరునికి స్వరూపం కల్పించడానికి యూరపు వేటగాండ్ల కొమ్మునుండి పుట్టిన ఫ్రెంచి హారన్ ఒక్కటే సాధనమని అనుకోనక్కరలేదు. దానిని విడదీసి సాగదీస్తే సుమారు 3.7 మీటర్ల గొట్టం. దాని నాదంలోని ఠీవికి కారణాలు పైన చెప్పినవే. ఆ కారణాలు వర్తించే వాద్యాలు మన్యంలోనే ఉన్నవి. అరకు ప్రాంతపు ధింసా నృత్యంలో డప్పు, తుడుము, మోరి, కిరిడితో పాటు జోడుకొమ్ములు మ్రోగుతాయి. కొమ్ము కూడా పెదవుల కంపనంతో పలికే వాద్యమే; గట్టిగా ఊదితే దాని నాదమూ మెరుస్తుంది. సీతారామరాజు వెంట నడిచిన గిరిజనుల వారసులు నేటికీ వినే నాదం అది. పరాయి వాద్యాన్ని వద్దనడం ఇక్కడి ఉద్దేశం కాదు. పిడేలు అటునుండి వచ్చినదే. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు చేతిలో అది తెలుగువారి వాద్యమయింది. ఇల్లు చక్కదిద్దుకొనేటప్పుడు పొరుగూరినుండి సామాను తెచ్చుకొనే ముందు అటకమీద ఏమున్నదో చూచుకొంటే నష్టం లేదు.

తరగతిలో చేయదగిన ప్రయోగం

రెండు మీటర్ల రబ్బరు గొట్టం, గరాటు ఉంటే చాలును. గొట్టం ఒక కొనను పెదవులకు ఆనించి, పెదవులు బిగబట్టి అవి అదిరేటట్లు ఊదవలెను. మొదట పలకనట్లుండినా కొంచెం సాధనతో రెండు మూడు స్వరాలు వస్తాయి. నడిమి స్వరాలు ఎంత ప్రయత్నించినా రావు. పెదవుల వద్ద మూసుకొన్న గొట్టం గనుక లెక్క ప్రకారం 44, 131, 219, 306 హెర్ట్జ్‌ల దగ్గర అనునాదం ఉండవలెను. అనగా 1, 3, 5, 7 అనే బేసి అంకెలు మాత్రమే. బ్యూగిల్‌లోని 2, 3, 4, 5, 6 దీనిలో దొరకవు. బ్యూగిల్ నోటి వద్దనున్న గిన్నె, చివరనున్న వెడల్పు నోరు కలిసి ఆ బేసి వరుసను జరిపి సరిచేస్తాయి. గొట్టం చివర గరాటు తగిలించి మళ్ళీ ఊదితే స్వరాలు కొంత జరగడం, ధ్వని బయటికి బాగా రావడం గమనింపవచ్చును.

మొబైల్ ఫోనులో ధ్వని వర్ణపటాన్ని చూపే సాధనం ఉన్నయెడల ఇదే గొట్టాన్ని మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి ఊది రెండు పటాలను ప్రక్కప్రక్కన పెట్టవలెను. గట్టి ఊదుడులో కుడివైపు, అనగా పై అనుస్వరాల వైపు, గీతలు లేచి నిలుస్తాయి. తరువాత ఒక విద్యార్థి చేత ఒకే పేరును మెల్లగాను, ఆటస్థలం ఆవలి కొననుండి కేకగాను పలికించి పోల్చి చూడవలెను.

విశాఖలోని పాఠశాలలకు మరొక సౌకర్యం ఉన్నది. రేవునుండి ఓడ కూసినప్పుడు దానిని ఫోనులో పట్టి, మూల పౌనఃపున్యం కనుగొని, 1972 నియమాల పట్టికతో సరిచూచి ఓడ పొడవును ఊహించవచ్చును. 90 హెర్ట్జ్‌లు వస్తే 200 మీటర్లకు తక్కువ కాదు. 500 వస్తే 75 మీటర్లు ఉండదు. 150 వచ్చినప్పుడు మాత్రం తీరానికి వెళ్ళి చూడవలసిందే. ఆ స్థాయి రెండు తరగతుల ఓడలకూ అనుమతించినదే.